కుండ మూతి నుంచి కాక్‌టెయిల్ గ్లాసు దాకా: వడపోత ఏం ఆపుతుంది, ఏం ఆపలేదు?

జీలుగు కల్లు, లందా, ఇప్పసారా. బస్తర్‌లో ఒక్కో పానీయానికి ఒక్కో వడపోత పద్ధతి ఉంది. నగరాల్లోని బార్ కౌంటర్ మీద కనిపించే స్టీలు పరికరాలు చేసేదీ ఇంచుమించు అదే పని. ఆ పనికి ఉన్న హద్దు ఏమిటో తెలుసుకోవడం మాత్రం ప్రాణాలకు సంబంధించిన విషయం.

బస్తర్ వారపు సంతల్లో ఒక పక్కన కుండలు, అల్యూమినియం బిందెలు, ఎండబెట్టిన సొరబుర్రలు వరుసగా కనిపిస్తాయి. కొన్నింట్లో జీలుగు చెట్టు నుంచి దించిన కల్లు, కొన్నింట్లో బియ్యప్పిండిని పులియబెట్టి చేసిన లందా, ఇంకొన్నింట్లో ఇప్పపువ్వు సారా ఉంటాయి. అమ్మేవారిలో ఎక్కువ మంది మహిళలే. కొనేవారి చేతిలో ఆకు దొప్ప ఉంటుంది.

కుండలో ఉన్నదంతా దొప్పలోకి రాకూడదు. కల్లులో చీమలు, తేనెటీగలు, చెట్టు పొట్టు పడతాయి. లందాలో పిండి ముద్దలు ఉంటాయి. ఇప్పపువ్వు నానిన నీళ్లలో పువ్వుల గుజ్జు ఉంటుంది. వీటిని వేరు చేయడానికి బస్తర్ ఆదివాసులు అడవి ఇచ్చిన వస్తువులనే వాడుతూ వచ్చారు. సొరబుర్ర, ఆకు, పీచు, వెదురు, మట్టికుండ, పాత గుడ్డ. ఒక్కో దాని వెనుక ఒక్కో లెక్క ఉంది.

వడపోతలో ఎన్ని రకాలు?

ద్రవం నుంచి అక్కర్లేనిదాన్ని తీసేయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది చిల్లుల దారి. గుడ్డ, జల్లెడ, పీచు, టీ వడపోసే జాలి అన్నీ ఈ కోవలోవే. చిల్లు కంటే పెద్దది ఆగిపోతుంది, చిన్నది జారిపోతుంది.

రెండోది తేర్చడం. ద్రవాన్ని కదపకుండా ఉంచితే బరువైనది అడుక్కి చేరుతుంది, పైన తేట మిగులుతుంది. ఆ తేటను మెల్లగా వంపుకోవాలి. దీనికి జల్లెడ అక్కర్లేదు, ఓపిక, సన్నటి మూతి ఉన్న పాత్ర ఉంటే చాలు.

మూడోది ఆవిరి దారి. ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవంగా పట్టుకోవడం. ఆవిరి కానిది కుండలోనే ఉండిపోతుంది.

బస్తర్‌లోని మూడు ప్రధాన పానీయాల తయారీలో ఈ మూడు దారులూ కనిపిస్తాయి.

జీలుగు కల్లు: పీచు, గుడ్డ, సొరబుర్ర

హిందీ పత్రికలు ‘బస్తర్ బీర్’ అని రాసే పానీయాన్ని స్థానికంగా సల్ఫీ అంటారు. గోండీ మాట్లాడేవారు గోర్గా అంటారు. తెలుగువారికి అది కొత్తదేమీ కాదు. చింతూరు, రంపచోడవరం, పాడేరు ఏజెన్సీ ప్రాంతాల్లో జీలుగు కల్లుగా పేరున్నది ఇదే. పచ్చిరొట్ట ఎరువు కోసం పొలాల్లో చల్లే జీలుగ వేరు, ఈ జీలుగు వేరు. ఇది తాటి కుటుంబానికి చెందిన చెట్టు. శాస్త్రీయ నామం కారియోటా యూరెన్స్. ఆకు చివరలు చేప తోకలా చీలి ఉంటాయి.

చెట్టు గెల వేసినప్పుడు దాని కొసను కోసి, కింద కుండ కట్టి రసం పడతారు. అప్పుడే దించిన రసం తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులిసి, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. తియ్యటి రసం ఎక్కడుంటే అక్కడికి చీమలు, తేనెటీగలు చేరతాయి కాబట్టి దించగానే మొదటి వడపోత తప్పదు. గుడ్డ, పీచు, ఇప్పుడైతే ప్లాస్టిక్ జాలి ఆ పని చేస్తున్నాయి. తెలంగాణ గీత కార్మికులకు లొట్టి మూతిలో పీచు అడ్డం పెట్టి కల్లు వంచడం తెలిసిన విద్యే.

రెండో వడపోత పాత్రలోనే జరుగుతుంది. బస్తర్‌లో తుంబా అని పిలిచే సొరబుర్ర అడుగు గుండ్రంగా, మెడ సన్నగా ఉంటుంది. ముదిరిన సొరకాయను కోసి, లోపలి గుజ్జూ గింజలూ తీసేసి ఎండబెడితే తేలికైన సీసా తయారవుతుంది. మూతికి ఆకులు చుట్టి బిరడా పెడతారు. కల్లు, నీళ్లు, రాగి అంబలి అన్నిటినీ ఇందులోనే మోసుకెళ్తారు. వడపోతలో దాని పాత్ర ఆకారం వల్ల వచ్చింది. మడ్డి వెడల్పాటి అడుగున చేరుతుంది. మెల్లగా వంచితే సన్నటి మెడలోంచి పైతేటే ముందు వస్తుంది. చివర మిగిలిన మడ్డిని పారబోస్తే సరి.

ఆకు దొప్పకూ ఇందులో కొంత భాగం ఉంది. దోనా, చిప్డీ అని పిలిచే ఈ దొప్పలను అడ్డాకు వంటి వెడల్పాటి ఆకులతో చేస్తారు. ఒక్కసారి వాడి పారేస్తారు. కడగని గ్లాసు నుంచి వచ్చే మురికి సమస్య ఉండదు. తెలంగాణ పల్లెల్లో తాటాకు రేక పట్టి కల్లు తాగే అలవాటుకు ఇది దగ్గరి చుట్టం.

లందా: ఎంత వడకట్టాలన్నది తాగేవారి ఇష్టం

లందా బియ్యంతో చేసే పానీయం. బియ్యాన్ని నానబెట్టి, దంచి, ఆ పిండిని ఆవిరి మీద ఉడికిస్తారు. దానికి నీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టిన మొక్కజొన్న పొడి కలిపి కుండలో కొన్ని రోజులు పులియనిస్తారు. మొలకల్లో ఉండే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. బీరు తయారీకి బార్లీని మొలకెత్తించడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే.

పూర్తయ్యాక కుండలో చిక్కటి తెల్లటి జావ లాంటిది ఉంటుంది. ఇక్కడ వడపోత శుభ్రత కోసం మాత్రమే కాదు. గుడ్డలో గట్టిగా పిండితే పలచటి పానీయం వస్తుంది. వదులుగా వడకడితే పిండి కూడా దిగి కడుపు నింపుతుంది. ఎండలో పనిచేసేవారికి అది సగం తిండి, సగం పానీయం. వడపోతను ఎంత సన్నగా పెడతారన్నదాన్ని బట్టి పానీయం స్వభావమే మారిపోతుంది. గంజి వార్చేటప్పుడు సిబ్బి ఎలా అడ్డం పెడతామన్నదాని మీద అన్నం పొడిపొడిగా ఉంటుందా, ముద్దగా ఉంటుందా అన్నది ఆధారపడినట్టే ఇదీ.

ఇప్పసారా: ఆవిరే జల్లెడ

ఎండాకాలం మొదలవుతుండగా తెల్లవారుజామున ఇప్పపువ్వులు రాలుతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి, నీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి పులియబెడతారు. తర్వాత పొయ్యి మీద కాస్తారు. కింది కుండలో పులిసిన పువ్వులు, పైన చల్లటి నీళ్ల పాత్ర, ఆవిరి వెళ్లడానికి దారి. కుండల మధ్య సందులను మట్టితోనో తడిగుడ్డతోనో మూస్తారు. పైకి లేచిన ఆవిరి చల్లటి పాత్రకు తగిలి బొట్లుబొట్లుగా దిగుతుంది.

గుజ్జు, మట్టి, ఈస్ట్ అన్నీ కింది కుండలోనే మిగిలిపోతాయి. అందుకే సారా నీళ్లలా తేటగా ఉంటుంది. కానీ తేటగా ఉన్నంత మాత్రాన అందులో చెడు లేదని కాదు. తక్కువ వేడికే ఆవిరయ్యే ఇతర పదార్థాలు మొదటి ధారలో దిగుతాయి. లైసెన్సు పొందిన డిస్టిలరీలు ఆ మొదటి భాగాన్ని పక్కకు తీసేస్తాయి. ఇంటి బట్టీలో ఆ కొలత చేసేవారి అనుభవానికే వదిలేయాలి.

బార్ కౌంటర్ మీది మూడు పరికరాలు

ఇప్ప మద్యం ఇప్పుడు నగరాల బార్లకూ చేరింది. డెస్మండ్ నజరెత్ స్థాపించిన అగావే ఇండియా సంస్థ 2018లో ‘డెస్మండ్‌జీ’ పేరుతో ఇప్ప మద్యాన్ని మార్కెట్లోకి తెచ్చింది. కిత్తలి మొక్క నుంచి మద్యం తీసే ఆ సంస్థ డిస్టిలరీ ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఏర్పాటైంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో ‘హెరిటేజ్ మద్యం’ విధానం తెచ్చి, ఆదివాసీ స్వయం సహాయక బృందాలు తీసిన ఇప్ప మద్యాన్ని సీసాల్లో అమ్మేందుకు వీలు కల్పించింది. అలా సీసాకెక్కిన ఇప్ప మద్యాన్ని నిమ్మరసం, ఐసు, పుదీనాతో కలిపి కాక్‌టెయిల్ చేస్తే మళ్లీ వడపోత అవసరం పడుతుంది.

బార్లలో సాధారణంగా మూడు రకాల స్ట్రెయినర్లు ఉంటాయి.

జూలెప్ స్ట్రెయినర్ చిల్లులున్న లోతైన గరిటె లాంటిది. 19వ శతాబ్దపు అమెరికాలో, ఐసు నింపిన గ్లాసులోంచి తాగేటప్పుడు ఐసు ముక్కలు పళ్లకు తగలకుండా దీన్ని వాడేవారు. తర్వాత బార్‌టెండర్ చేతికి వచ్చింది. ఐసుతో కలియబెట్టిన పానీయాన్ని గ్లాసులోకి వంచేటప్పుడు ఐసు ముక్కలను ఇది ఆపుతుంది.

హాథార్న్ స్ట్రెయినర్ చిల్లుల పలక. దాని అంచు చుట్టూ స్ప్రింగు తీగ ఉంటుంది. ఆ తీగ షేకర్ మూతిలో బిగుసుకుని, పుదీనా ఆకులనూ ఐసు తునకలనూ పట్టేస్తుంది. వేలితో పలకను ముందుకు నెడితే సందు తగ్గుతుంది, వెనక్కి లాగితే పెరుగుతుంది. తీగ చుట్టిన స్ట్రెయినర్‌కు 1889లో అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన చార్లెస్ లిండ్లీ పేటెంట్ పొందారు. 1892లో విలియం రైట్ దాన్ని మెరుగుపరిచారు. బోస్టన్‌లోని హాథార్న్ కఫే వల్ల ఆ పేరు స్థిరపడింది.

మూడోది ఫైన్ స్ట్రెయినర్. సన్నటి జాలితో చేసిన గరాటు. హాథార్న్‌ను దాటి వచ్చిన పండ్ల పిప్పి, సన్నటి ఐసు పొడి ఇందులో ఆగిపోతాయి. రెండింటినీ కలిపి వాడటాన్ని డబుల్ స్ట్రెయినింగ్ అంటారు.

పోల్చి చూస్తే తేడా లోహంలోనే. జూలెప్ స్ట్రెయినర్ మన ఇళ్లలోని చిల్లుల గరిటె. హాథార్న్ తీగ చేసే పని లొట్టి మూతిలోని పీచు చేస్తుంది. ఫైన్ స్ట్రెయినర్ పని పాత గుడ్డ చేస్తుంది. మెత్తగా పట్టేది వెనుక, ముతకగా పట్టేది ముందు ఉండాలన్న వరుస కూడా రెండు చోట్లా ఒకటే.

వేల ఏళ్ల నాటి అవసరం

పులిసిన పానీయాన్ని వడకట్టడం నాగరికతంత పాతది. 1897లో రష్యాలోని మైకోప్ వద్ద ఒక సమాధిలో బంగారంతో, వెండితో చేసిన పొడవాటి గొట్టాలు ఎనిమిది దొరికాయి. వాటిని రాజదండాలనో, పందిరి గుంజలనో చాలాకాలం భావించారు. ఒక గొట్టం కొసన ఉన్న చిల్లుల భాగంలో బార్లీ పిండి రేణువులు కనిపించడంతో, అవి సామూహికంగా బీరు తాగే గొట్టాలని 2022లో రష్యన్ పరిశోధకులు ప్రతిపాదించారు. అంటే ఐదువేల ఏళ్ల క్రితమే గొట్టం కొసకు జల్లెడ వచ్చిందన్నమాట. తూర్పు నేపాల్, సిక్కిం ప్రాంతాల్లో తోంగ్బా తాగేవారు వాడే వెదురు గొట్టానికీ కొసన సన్నటి చీలికలుంటాయి. అరుణాచల్ ప్రదేశ్‌లో అపోంగ్ చేసేవారు ఆకులు పరిచిన వెదురు గరాటులోంచి పానీయాన్ని బొట్టుబొట్టుగా దించుతారు.

ఋగ్వేదం తొమ్మిదో మండలం మొత్తం దాదాపుగా సోమరసం వడపోత చుట్టూ తిరుగుతుంది. గొర్రె ఉన్నితో చేసిన ఆ వడపోత సాధనానికి అందులో వాడిన మాట ‘పవిత్ర’. శుద్ధి చేసేది అని దాని అర్థం. తెలుగులో మనం రోజూ వాడే పవిత్రం అన్న మాట మూలం కూడా అదే.

జల్లెడకు చిక్కనివి

శుద్ధి అన్న ఈ భావనే ఒక్కోసారి ప్రమాదకరమైన భరోసా ఇస్తుంది. వడకట్టింది కాబట్టి శుభ్రమైనదని, తేటగా ఉంది కాబట్టి మంచిదని అనుకోవడం సహజం. లెక్క చూస్తే అది పాక్షిక సత్యమే.

ఈస్ట్ కణం సైజు సుమారు 5 మైక్రాన్లు. మామూలు గుడ్డ చిల్లులు దానికంటే ఎన్నో రెట్లు పెద్దవి. కాబట్టి వడకట్టిన కల్లులోనూ ఈస్ట్ ఉంటుంది. పొద్దున వడకట్టిన కల్లు సాయంత్రానికి పులియడం ఆగకపోవడానికి కారణం ఇదే. పులియడం ఆగాలంటే వడపోత చాలదు. నీరా కోసం కుండ లోపల సున్నం పూయడం, దించిన వెంటనే చల్లబరచడం లాంటివి అందుకే అవసరమవుతాయి.

గుడ్డ వల్ల ఉపయోగం లేదని కాదు. బంగ్లాదేశ్ గ్రామాల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి చెరువు నీటిని వడకట్టిస్తే కలరా కేసులు 48 శాతం తగ్గాయని రీటా కోల్‌వెల్ బృందం 2003లో వెల్లడించింది. కలరా బ్యాక్టీరియా గుడ్డలోంచి జారిపోయేంత చిన్నదే. కానీ అది అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మ జలచరాలు గుడ్డకు చిక్కుతాయి. పాత చీర నూలు వదులై, పీచులేచి చిల్లులను మూసేస్తుంది కాబట్టి కొత్తదానికంటే అదే మేలని తేలింది. బామ్మలు పాత నూలు చీర ముక్కను వడపోతకు దాచుకోవడంలో అర్థం ఉంది.

అయితే కరిగిపోయినదాన్ని ఏ గుడ్డా పట్టలేదు, ఏ స్టీలు జాలీ పట్టలేదు. మిథనాల్ నీళ్లలో, ఆల్కహాల్‌లో పూర్తిగా కలిసిపోతుంది. రంగు ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో కల్లులో కలుపుతూ పట్టుబడే క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం లాంటి మత్తు పదార్థాలూ అంతే. 2025 జులైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. 2022 ఫిబ్రవరిలో అప్పటి తూర్పు గోదావరి జిల్లా రాజవొమ్మంగి మండలం లోదొడ్డిలో జీలుగు కల్లు తాగిన ఐదుగురు గిరిజనులు చనిపోయారు. కల్లులో విషం కలిసి ఉంటుందని అనుమానించారు. ఇలాంటి చోట్ల ఎంత సన్నటి వడపోత ఉన్నా ఫలితం మారదు.

చెట్టు దగ్గరే మొదలవ్వాల్సిన వడపోత

కుండలో పడ్డాక తీయలేనిదాన్ని కుండలో పడకుండా ఆపడం ఒక్కటే మార్గం. దీనికి బంగ్లాదేశ్ మంచి ఉదాహరణ. అక్కడ ఈత చెట్ల రసాన్ని రాత్రిపూట గబ్బిలాలు నాకడం వల్ల నిఫా వైరస్ మనుషులకు సోకుతోందని పరిశోధకులు గుర్తించారు. వైరస్‌ను గుడ్డతో వడకట్టలేం. అందుకని చెట్టుకు గీసిన చోటునూ కుండ మూతినీ కప్పేలా వెదురు తడిక కట్టే పద్ధతిని ప్రచారం చేశారు. తడిక ఉన్న చెట్ల దగ్గర గబ్బిలాలు రసాన్ని తాకడం బాగా తగ్గినట్టు కెమెరాల్లో తేలింది. రసాన్ని తాకని ఆ తడిక ఒక రకంగా వడపోత సాధనమే.

ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పపువ్వు విషయంలోనూ ఇదే ఆలోచన వచ్చింది. పువ్వులు ఏరడానికి వీలుగా చెట్ల కింద రాలిన ఆకులను తగలబెట్టడం పాత అలవాటు. దాంతో అడవికి నిప్పంటుకునేది, పువ్వుకు మట్టీ బూడిదా అంటేవి. ఇప్పుడు చెట్టు కింద వలలు కట్టి, నేలకు తగలకముందే పువ్వును పడుతున్నారు. అలా వచ్చిన శుభ్రమైన పువ్వుకు ఆహార పదార్థంగా మార్కెట్ ఉంది. 2021లో కోర్బా నుంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు ఫ్రాన్స్‌కు ఎగుమతి అయింది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మంచి పువ్వు దొరికితే సారా బట్టీ ఒక్కటే దారి కానవసరం లేదు.

తుంబా ఎటు పోతోంది?

బస్తర్ సంతల్లో సొరబుర్ర స్థానాన్ని ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు ఆక్రమిస్తున్నాయి. అవి తేలిక, పగలవు, చవక. కానీ కూల్‌డ్రింక్ సీసాకు తుంబా ఆకారం లేదు. మడ్డి అడుగున నిలవదు, వంచగానే కలిసిపోతుంది. అంతకుముందు ఏ రసాయనం నిల్వ చేశారో తెలియని డబ్బాలో కల్లు పోస్తే ముప్పు ఇంకా ఎక్కువ. తుంబా మాత్రం మరో చోట కొత్త జీవితం మొదలుపెట్టింది. కొండగావ్, జగ్దల్‌పూర్ పరిసరాల్లోని చేతివృత్తులవారు సొరబుర్ర మీద కాల్చిన ఇనుముతో బొమ్మలు గీసి, చిల్లులు వేసి దీపాలుగా అమ్ముతున్నారు. రసం మోసిన బుర్ర ఇప్పుడు డ్రాయింగ్ రూముల్లో వెలుతురును వడకడుతోంది.

చెట్టుకూ కష్టం వచ్చింది. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు బస్తర్‌లో జీలుగు చెట్లను చంపుతోందని జగ్దల్‌పూర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఈ చెట్టు గెల వేయడానికే ఏళ్లు పడుతుంది. పై నుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వచ్చి, చివరి గెల తర్వాత సహజంగానే చచ్చిపోతుంది. అంటే ఇవాళ ఎండిన చెట్టు స్థానంలో మొక్క నాటినా రసం చేతికి రావడానికి ఒక తరం పిల్లలు పెద్దవాళ్లవ్వాలి. బస్తర్‌లో ఆడపిల్ల పెళ్లికి జీలుగు చెట్టును కానుకగా ఇచ్చే ఆనవాయితీ ఉందంటే ఆ చెట్టు విలువ అర్థమవుతుంది.

చెట్టు తెలిసిన చేతి నుంచి, ఆ పూట దించిన రసం, ఆ ఊరి దొప్పలోకి చేరేటప్పుడు వడపోతకు మిగిలే పని చాలా తక్కువ. చీమ, పొట్టు, మడ్డి. వాటికి పీచూ పాత గుడ్డా సరిపోతాయి. రసం ఎక్కడిదో, ఎవరు దించారో, దారిలో ఎన్ని డబ్బాలు మారిందో తెలియనప్పుడు మాత్రం గుడ్డ చేయాల్సిన పనిని ప్రయోగశాల చేయాల్సి వస్తుంది.